శుభం కార్డు ఎవరు ఎత్తుకెళ్ళారు?

మ్యాట్నీ_మూర్తి
ఈమధ్య వచ్చిన పెద్ద తెలుగు సినిమాల్లో కథ అక్కడికక్కడ పూర్తయినవి ఎన్నో ఎవరైనా చెప్పండి. సలార్ సగం. కల్కి సగం. దేవర సగం. హరిహర వీరమల్లు అయితే కోహినూర్ కోసం బయల్దేరి, ఔరంగజేబు ఎదురుపడే సరికి మనల్ని ఇంటికి పంపేశారు. పుష్ప రెండు భాగాలూ కలిపితే ఆరు గంటల పైమాటే. అంతసేపు కూర్చున్నాక కూడా చివర్లో బాంబు పేల్చి, మూడోది ఉందన్నారు.

పోనీ టీవీ పెడదామంటే సీరియల్ ఎక్కడ మొదలైందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఓటీటీలో సిరీస్ చూస్తే ఆఖరి ఎపిసోడ్ ఆఖరి నిమిషంలో ఎవరో తలుపు కొడతారు. ఎవరో చూపించరు. సీజన్ అయిపోయింది, వెళ్ళి పడుకో.

నాది పెద్ద కోరికేం కాదు. టికెట్ కొన్న రోజే కథ తేలిపోవాలి. హీరో గెలిచాడో, పోయాడో, ఏదో ఒకటి చెప్పి పంపండి. ఇది నా ఒక్కడి గోలా, ఇంకెవరికైనా ఉందా?

బెంచీ_క్లాస్
నీ ఒక్కడిదే. నెక్స్ట్.

పాప్‌కార్న్_పాప
బెంచీ క్లాస్ మాటలు పట్టించుకోకండి మూర్తి గారూ, ఆయన ప్రతి థ్రెడ్‌లోనూ రెండో పోస్టు తనదే కావాలని వస్తాడు. నాదీ మీ గోలే. దేవరలో తండ్రిని పొడిచింది కొడుకే అని ఆఖర్న చెప్పి ఆపేశారు. ఎందుకు పొడిచాడో తర్వాతి భాగంలో అట. ఈ ప్రశ్న ఎక్కడో విన్నట్టు లేదూ?

నైట్_డ్యూటీ
అయ్యో, నేనింకా దేవర చూడలేదండీ.

పాప్‌కార్న్_పాప
2024 సెప్టెంబర్ సినిమా అది. ఇప్పటికీ చూడకపోతే ఆ పాపం నాది కాదు.

రీలు_డబ్బా
అన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. బాహుబలి మొదటి భాగం 2015 జులైలో వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్‌లో. దాదాపు రెండేళ్ళు దేశమంతా కట్టప్ప గురించి మాట్లాడుకుంది. మరి అప్పుడు ఎవరూ మోసపోయామని ఎందుకు అనుకోలేదు? ఎందుకంటే ఆ మొదటి భాగంలో కాలకేయులతో యుద్ధం మొదలైంది, జరిగింది, ముగిసింది. సింహాసనం ఎవరిదో శివగామి చెప్పేసింది. మన కడుపు నిండాక, చెయ్యి కడుక్కుంటున్నప్పుడు కట్టప్ప కత్తి చూపించారు. ఒక కథ పూర్తి చేసి రెండో కథకి తలుపు తీశారు.

ఇప్పుడొచ్చేవాళ్ళు కత్తి ఒక్కటే నేర్చుకున్నారు. ముందు యుద్ధం ముగించాలన్న సంగతి వదిలేశారు. విస్తరి వేసి, పప్పు దాకా వడ్డించి, పెరుగు వచ్చే ఏడాది అన్నట్టుంది.

బెంచీ_క్లాస్
భోజనం లేకుండా సినిమా గురించి ఒక్క పోస్టు కూడా రాయలేరా ఈ ఊళ్ళో.

రీలు_డబ్బా
ఆకలి మీద రాశాను. పాయింటుకి జవాబు చెప్పు.

బెంచీ_క్లాస్
సరే చెప్తా. కల్కిలో భైరవే కర్ణుడని తెలిసిన క్షణంలో థియేటర్ మొత్తం లేచి నిలబడింది. ఆ ఊపులో ఇంటికి పంపడంలో తప్పేముంది? నాకు ఆ రోజుకి అది చాలు. మిగతాది వచ్చినప్పుడు చూస్తా. అన్నీ ముడివేసి చేతిలో పెట్టాలంటే మీరు చూడాల్సింది సినిమా కాదు, బ్యాంక్ స్టేట్‌మెంట్.

పాప్‌కార్న్_పాప
ఆ సినిమాలో కడుపులో బిడ్డని మోసిన తల్లి పాత్ర చేసిన దీపిక రెండో భాగంలో ఉండదని నిర్మాణ సంస్థే 2025 సెప్టెంబర్‌లో ప్రకటించింది. కథ అంతా ఆ బిడ్డ చుట్టూనే కదా! మీ ఊపు అప్పటిదాకా ఉంటే ఉంచుకోండి బెంచీ గారూ.

బెంచీ_క్లాస్
వేరే హీరోయిన్‌ని పెడతారు. సీరియళ్ళలో "ఇకపై ఈ పాత్రలో" అని వెయ్యట్లేదా?

సీరియల్_కోడలు
నా పేరు పిలిచినట్టు వినిపించి వచ్చాను. సీరియల్ అనగానే అందరికీ నవ్వులాట. ఒక్క మాట అడుగుతా. మా అత్తగారు కార్తీకదీపం 2017 నుంచి చూశారు. దీప మీద డాక్టర్ బాబుకి అనుమానం, ఆ పిల్లలు తన పిల్లలేనా కాదా అన్న ప్రశ్న, దాని మీద ఏళ్ళు గడిచాయి. పదిహేను వందల ఎపిసోడ్లు దాటాయి. ఆవిడ ఒక్క రోజు కూడా "ఎప్పుడు ముగుస్తుంది" అనలేదు. "ఇవాళ ఏమైంది" అనేవారు, అంతే. ఏడున్నరకి టీవీ పెట్టి, దీపని నాలుగు ఓదార్చి, మోనితని నాలుగు తిట్టి, తర్వాత అన్నం పెట్టుకునేవారు. ముగింపు కోసం చూసేవాళ్ళు సినిమాకి వెళ్తారు. సీరియల్ చూసేది తోడు కోసం.

నైట్_డ్యూటీ
మీరన్నది నిజమే గానీ అక్కా, 2022లో దీపనీ డాక్టర్ బాబునీ కారు ప్రమాదంలో పంపించేసి పిల్లల్ని పెద్దవాళ్ళని చేశారు గుర్తుందా? మా అమ్మ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. కొన్ని నెలలకే ఇద్దరినీ మళ్ళీ బతికించి తెచ్చారు. మా అమ్మకి అప్పుడు ఇంకా కోపం వచ్చింది. "పోయినప్పుడు ఏడ్చింది నేను కదా, ఆ ఏడుపు ఎవరిస్తారు" అంది.

సీరియల్_కోడలు
మా ఇంట్లో పండగ చేసుకున్నాం.

మ్యాట్నీ_మూర్తి
అదే నేను చెప్పేది. చావుకి కూడా విలువ లేదు. 2023 జనవరిలో ఎట్టకేలకు అయిపోయిందన్నారు. 2024 మార్చిలో అదే పేరు, అదే జంట, "ఇది నవవసంతం" అని మళ్ళీ మొదలు. ఈసారి కథ వేరంట. కథ వేరైతే పేరెందుకు?

డైలాగ్_పేపర్
కొన్నాళ్ళు సీరియళ్ళకి మాటలు రాశాను. ఏ ఛానల్, ఏ సీరియల్ అని అడగొద్దు, చెప్పను. మూర్తి గారి ప్రశ్నకి లోపలి నుంచి జవాబు ఇది.

సీరియల్ కథకి ముగింపు ముందే రాసిపెట్టి ఉండదు. మొదటి ఆరు నెలల కథ ఉంటుంది. తర్వాత ట్రాకులు. గురువారం రేటింగులు వస్తాయి. శుక్రవారానికి కథ మారుతుంది. విలన్ చెల్లెలికి జనం బాగా అలవాటు పడ్డారంటే ఆ పిల్లకి సొంత ట్రాకు. హీరో తమ్ముడి సీన్ రాగానే ఛానల్ మారుస్తున్నారంటే తమ్ముడు చదువుకోడానికి అమెరికా.

జనం నవ్వుకునే ఆ మూడుసార్ల జూమ్ గురించి కూడా చెప్తా. కోడలి చేతిలో కాఫీ కప్పు జారుతుంది. కప్పు, నేల, కోడలి మొహం, అత్త మొహం, మళ్ళీ కప్పు, తర్వాత హాల్లో ఉన్నవాళ్ళందరి మొహాలు వరసగా, సోఫా వెనక నిలబడ్డ పనిమనిషితో సహా. అది డైరెక్టర్ చాదస్తం కాదు. ఆ పూట ఎపిసోడ్ నిండాలి, మా కాగితాలు సరిపోలేదు. కప్పు పగిలినందుకు పుణ్యం మాది.

శనివారం చివర పెద్ద షాక్ పెట్టాలి. సోమవారం మొదటి సీన్లో అది షాక్ కాదని తేల్చాలి. ఆదివారం ఒక్క రోజే మాకు కథలో నిజంగా ఏదో జరిగినట్టు ఉండేది.

అసలు సంగతి ఏమిటంటే, ముగింపు అనేది మా దగ్గర ఓడిపోయినవాడికి వేసే శిక్ష. రేటింగ్ పడిపోతే ఫోన్ వస్తుంది, "రెండు వారాల్లో చుట్టేయండి" అని. ఇక చూడండి. నాలుగేళ్ళు ఆస్తి పత్రాలు దాచిన అత్త ఒకే ఎపిసోడ్‌లో కాళ్ళ మీద పడుతుంది. విడిపోయిన అన్నదమ్ములు గుళ్ళో కలుస్తారు. చివర్లో అందరూ నిలబడి గ్రూప్ ఫొటో. బాగా ఆడే సీరియల్‌కి ఆ అవకాశమే రాదు. అందుకే జనం మెచ్చినవాటికే మంచి ముగింపు దొరకదు.

రీలు_డబ్బా
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన మంచి పోస్టు ఇదే. ఇప్పుడు సినిమాలకీ అదే పట్టుకుంది చూడండి. హిట్టయిందా, ఇక వదలరు. స్కంద చివర కూడా రెండో భాగం కార్డు వేశారు, సినిమా ఫలితం తెలియక ముందే. ఆ కార్డు ఇప్పుడు ఎక్కడుందో.

వీధి_అరుగు
"తమ్ముడు చదువుకోడానికి అమెరికా" అన్న ముక్కకి అరగంట నుంచి నవ్వుతున్నా. మేం చూసే సీరియల్‌లో అలాగే వెళ్ళిన ఒకడు ఇప్పటికీ రాలేదు. వాళ్ళమ్మ ఫోన్ కూడా చెయ్యదు.

సింగిల్_స్క్రీన్_శీను
నాకు కథ కన్నా లెక్క ముఖ్యం. పెద్ద సినిమా అంటే మొదటి వారం రేట్లు పెంచుకోడానికి ప్రభుత్వం జీవో ఇస్తుంది. పెంచిన రేటు పూర్తిగా కడతాం, కథ సగం తీసుకుంటాం. రెండో సగానికి మళ్ళీ జీవో, మళ్ళీ పెంచిన రేటు. పుష్ప 2 మూడు గంటల ఇరవై నిమిషాలు. అది చాలదన్నట్టు 2025 జనవరిలో ఇంకో ఇరవై నిమిషాలు కలిపి మళ్ళీ వదిలారు. ఆ ఇరవై నిమిషాలు లేకుండా ముందు చూసినవాళ్ళం ఏమనుకోవాలి?

బెంచీ_క్లాస్
ముందే బయటపడ్డాం అనుకోవాలి.

సింగిల్_స్క్రీన్_శీను
బాహుబలి రెండు భాగాలూ కలిపి కోసి 2025 అక్టోబర్ 31న ఒకే సినిమాగా వదిలారు కదా. మూడు ముప్పావు గంటలు. కుర్చీలో కదల్లేదు నేను. అంటే ఒకే సినిమాగా చెప్పొచ్చన్నమాట ఆ కథ!

రీలు_డబ్బా
అక్కడ నేను ఒప్పుకోను శీనూ. నీకు కథ ముందే తెలుసు, కాబట్టి కోసినచోట నీ బుర్రే అతుకు వేసుకుంది. అవంతికతో ప్రేమకథ చాలావరకు ఎగిరిపోయింది, నీకు లోటు తెలియలేదు. మొదటిసారి చూసే పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూడు, ఎన్ని ప్రశ్నలు అడుగుతాడో.

సింగిల్_స్క్రీన్_శీను
అవంతిక ప్రేమకథ ఎగిరిపోయినందుకు ప్రశ్నలు అడిగే పిల్లాడు ఇంకా పుట్టలేదు.

అక్షింతలు
పెద్దవాణ్ణి, ఒక మాట చెప్పనివ్వండి. మాయాబజార్ 1957లో వచ్చింది. మూడు గంటల సినిమా. అందులో పాండవులు ఒక్క సీన్లో కూడా కనిపించరు. గమనించారా ఎప్పుడైనా? వాళ్ళ జూదం, వనవాసం, ముందు రాబోయే యుద్ధం, అన్నీ కథకి బయటే ఉన్నాయి. మనకి తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఆ వంకతో "కురుక్షేత్రం రెండో భాగంలో" అనలేదు. శశిరేఖ పెళ్ళి అభిమన్యుడితో జరగాలి, లక్ష్మణకుమారుడితో కాదు. కథ అంతవరకే. అది జరిగింది, శుభం. పెద్ద లోకం ఉన్నంత మాత్రాన లోకం మొత్తం చూపించాలనే రూలు లేదు. ఈ రోజుల్లో ముందు లోకం కడుతున్నారు, తర్వాత అందులో కథ కోసం వెతుకుతున్నారు.

పాప్‌కార్న్_పాప
అక్షింతలు గారూ, దండం. కానీ ప్రతి చర్చలో మాయాబజార్ రావడం కూడా ఒక రూలే అయిపోయింది.

అక్షింతలు
మీరు ఇంకోటి చూపించండి, మానేస్తాను.

నైట్_డ్యూటీ
నేను చూపిస్తా. బలగం. 2023 మార్చిలో వచ్చింది. తాత పోయాడు, పిండం కాకి ముట్టట్లేదు. ఎందుకు ముట్టట్లేదు? మూడో రోజు అయిపోయింది, ఐదో రోజు అయిపోయింది, ఊరంతా చెవులు కొరుక్కుంటోంది. ఒక్క కాకి. దాన్ని పట్టుకుని సినిమా మొత్తం నడిపారు. బుడగజంగాల పాట దగ్గర మా వార్డులో అందరం ఫోన్‌లోనే చూస్తూ ఏడ్చాం, నైట్ షిఫ్ట్‌లో. ఊళ్ళల్లో తెర కట్టి ఊరంతా కూర్చుని చూశారు దాన్ని. కాకి వాలిందా లేదా అన్నది తేల్చకుండా "బలగం 2" అని వేసి ఉంటే తెర చించేసేవాళ్ళు.

అక్షింతలు
ఒప్పుకున్నాను. ఇకపై రెండూ చెప్తాను.

వీధి_అరుగు
ఆ సినిమాకే 2025లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో కాసర్ల శ్యామ్‌కి ఊరు మీద రాసిన పాటకి ఉత్తమ గీత రచన వచ్చింది. మా వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ఆ పాట తప్ప ఇంకేం లేదు.

సీరియల్_కోడలు
సమంత తీసిన శుభం చూశారా ఎవరైనా? రాత్రి తొమ్మిది అయ్యేసరికి ఊళ్ళో పెళ్ళాలంతా దయ్యం పట్టినట్టు సీరియల్ ముందు కూర్చుంటారు, మొగుళ్ళు గజగజ. మా ఆయన నన్ను పక్కన పెట్టుకుని చూస్తూ మధ్యమధ్య నా వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. క్రికెట్ చూసే మొగుళ్ళ మీద అలాంటి సినిమా ఎప్పుడు తీస్తారో.

బెంచీ_క్లాస్
క్రికెట్‌కి ముగింపు ఉంటుంది. అదే తేడా.

సీరియల్_కోడలు
ఐపీఎల్‌కి ఉందా? ప్రతి ఏడూ అదే పేరు, వేరే ఆటగాళ్ళు. "ఇకపై ఈ పాత్రలో."

డైలాగ్_పేపర్
ఈ లైను నేను రాసి ఉంటే బాగుండేది.

ఐదో_ఎపిసోడ్
ఓటీటీ గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. 90స్ మిడిల్ క్లాస్ బయోపిక్ చూడండి. 2024 జనవరి, ఆరు ఎపిసోడ్లు. లెక్కల మాస్టారు నాన్న, ముగ్గురు పిల్లలు, ఉప్మా గొడవ. పెద్ద కథేం లేదు. ఆరోది అయిపోయాక ఇంకేదో చూపించలేదే అన్న బాధ రాలేదు. మన దగ్గర సిరీస్ అంటే ఒక శవం, ఒక డైరీ, ఒక సస్పెండైన పోలీసు అనుకునే రోజుల్లో ఉప్మా మీద ఒక సీన్ నిలబెట్టారు.

మ్యాట్నీ_మూర్తి
దానికీ సినిమా తీస్తున్నారు కదా, అందులో చిన్నవాడు పెద్దయ్యాక అని. ఆనంద్ దేవరకొండ హీరో.

ఐదో_ఎపిసోడ్
అది వేరండీ. అక్కడ సిరీస్ చూసినవాడికి బాకీ ఏం లేదు. సినిమా చూడకపోయినా కొంప మునగదు. నాకు కొనసాగింపు మీద కోపం లేదు, బాకీ పెట్టడం మీదే కోపం. సేవ్ ద టైగర్స్ రెండో సీజన్ కూడా హాయిగా చూశాను, ఆ మనుషులు నచ్చారు కాబట్టి. నచ్చి మళ్ళీ వెళ్ళడం ఒకటి, ఇరుక్కుపోయి వెళ్ళడం ఇంకొకటి.

అక్షింతలు
అమృతం అలాగే ఉండేది. 2001లో మొదలై ఏళ్ళ తరబడి ఆదివారాలు వచ్చింది. ఏ వారానికా వారం కథ అయిపోయేది. హోటల్ మునిగేది, వచ్చే వారానికి మళ్ళీ తెరుచుకునేది. మధ్యలో నాలుగు వారాలు చూడకపోయినా అప్పాజీ అక్కడే ఉండేవాడు. అలాంటిది ఇప్పుడు ఏ ఛానలూ ఎందుకు చెయ్యదు?

డైలాగ్_పేపర్
ఖర్చు. వారానికి ఒక కొత్త కథ, కొత్త జోకులు రాయాలి. రోజూ వచ్చే సీరియల్‌కి ఒక కొత్త జోకు ఏడాదికి చాలు. పైగా నాలుగు వారాలు చూడకపోయినా నష్టం లేదంటే ప్రకటనలిచ్చేవాడికి భయం. రేపు కూడా కచ్చితంగా వస్తారని వాడికి మాటివ్వాలి. అందుకే కప్పు జారాల్సిందే.

చిన్న_సినిమా_చిట్టి
ఇన్ని పోస్టుల్లో ఒక్కరూ గమనించలేదు. ఈమధ్య కథ పూర్తి చేసి పంపినవి ఎక్కువగా చిన్న సినిమాలే. బలగం, 35, కోర్టు, లిటిల్ హార్ట్స్. వాళ్ళకి రెండో అవకాశం ఉంటుందో లేదో తెలియదు, కాబట్టి ఉన్నదంతా మొదటి దాంట్లోనే పెట్టేస్తారు. లిటిల్ హార్ట్స్‌లో ఏముంది? ఎంసెట్‌లో తన్నేసి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరిన ఇద్దరు. 2025 సెప్టెంబర్‌లో వచ్చి పెద్ద సినిమాల పక్కన నిలబడి ఆడింది. రెండో భాగానికి లీడు ఇవ్వాలన్న ఆలోచన కూడా ఎక్కడా కనపడదు.

సింగిల్_స్క్రీన్_శీను
చిట్టీ, అందులో కథ పూర్తయిందా లేదా అన్నది వేరు, అసలు కథ ఉందా?

చిన్న_సినిమా_చిట్టి
నవ్వావా లేదా?

సింగిల్_స్క్రీన్_శీను
నవ్వాను. అడిగిందానికి జవాబు అది కాదు.

నైట్_డ్యూటీ
రేపు సెలవు. అమ్మతో కూర్చుని చూడ్డానికి ఒకటి చెప్పండి. తలుపు కొట్టడాలు, బాంబులు వద్దు. ఆవిడకి డాక్టర్ బాబు గాయం ఇంకా మానలేదు.

ఐదో_ఎపిసోడ్
"35 చిన్న కథ కాదు" సినిమా చూడండి. ఒకటి పక్కన సున్నా పెడితే పది ఎందుకవుతుందని అడిగి, జవాబు చెప్పేవాళ్ళు లేక లెక్కల్లో సున్నాలు తెచ్చుకునే పిల్లాడు. పదో తరగతి తప్పిన వాళ్ళమ్మ వాడి కోసం తను ముందు లెక్కలు నేర్చుకుంటుంది. నివేదా థామస్ వంటింట్లో పుస్తకం ముందేసుకుని కూర్చునే సీన్లు చాలా బాగుంటాయి. తిరుపతి వాతావరణం అంతా ఇంట్లోకి వచ్చినట్టు ఉంటుంది. పాస్ మార్కు ముప్పై ఐదు కాబట్టి సినిమా ఎక్కడ ఆగుతుందో పేరులోనే చెప్పేశారు, అయినా ఆఖర్న టెన్షన్ పడతారు.

వీధి_అరుగు
మా చెల్లికి అది బోరు కొట్టింది. రెండో సగం బాగా నెమ్మది. నేనైతే కోర్టు చెప్తా. 2025 మార్చిలో వచ్చింది, పోక్సో కేసులో ఇరుక్కున్న కుర్రాడి కథ. మంగపతిగా శివాజీ నోరు తెరిచిన ప్రతిసారీ మా నాన్న "వీణ్ణి ముందు లోపలెయ్యాలి" అంటూనే ఉన్నాడు.

పాప్‌కార్న్_పాప
90స్‌లో పిల్లల్ని భయపెట్టిన నాన్న కూడా శివాజీయే. ఈయన ఇంట్లోకి వస్తున్నాడంటే తెర అవతల ఉన్న నేను కూడా సర్దుకుని కూర్చుంటా.

రీలు_డబ్బా
కోర్టుతో నాకు చిన్న పేచీ ఉంది. మొదటి సగంలో కుర్రాడి చుట్టూ ఎంత బలంగా ఉచ్చు బిగించారో, రెండో సగంలో ప్రియదర్శి ఒక్కో సాక్షినీ అంత తేలిగ్గా విప్పేస్తాడు. అవతలి లాయర్ కాసేపైనా గట్టిగా నిలబడి ఉంటే బాగుండేది. ఆఖర్న ఉపన్యాసం కూడా ఒక పాలు ఎక్కువైంది.

వీధి_అరుగు
ఉపన్యాసం ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ అవతలి లాయర్ గట్టిగా లేడనడం కుదరదు. మొదటి సగంలో ఆ అమాయకుడి మీద అంత కేసు నిలబెట్టింది ఎవరు మరి? మళ్ళీ చూడండి, ఈసారి ప్రియదర్శిని కాకుండా అవతలి బల్లని చూడండి.

నైట్_డ్యూటీ
అమ్మ రెండూ చూస్తానంటోంది. ముందు కోర్టు. "శివాజీని చివర్లో ఏం చేస్తారో అది మాత్రం ఇప్పుడే చెప్పమను" అంటోంది. ఎవరూ చెప్పకండి.